వెయ్యి మీటర్ల లోతున గురి: ఖనిజాన్వేషణ బోరుని దారిలో ఎలా ఉంచుతారు?

పల్నాడులో బోరు వేయించని ఊరు ఉండదు. బండి వస్తుంది, హ్యామర్ దిగుతుంది, పొడి లేస్తుంది, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయా అని అందరూ కాచుకుని ఉంటారు. ఆ బోరు నిటారుగా దిగిందా, పక్కకి ఒరిగిందా అని ఎవరూ కొలిచి చూడరు. మోటారు దించుతుంటే మధ్యలో పట్టేస్తే తప్ప ఆ మాటే రాదు. నీటి బోరుకి అంతకు మించి అక్కర్లేదు కూడా. నీరున్న పగులు ఎటు తగిలినా వచ్చేది నీరే.

ఖనిజాన్వేషణ కోసం వేసే బోరుకి ముందే రాసిపెట్టిన గమ్యం ఉంటుంది. నేల మీద ఫలానా చోట మొదలై, ఫలానా దిక్కుగా, ఫలానా వాలుతో (నేల మట్టం నుంచి కొలిచే కోణం ఇది) దిగి, ఏ తొమ్మిది వందల మీటర్ల లోతునో ఉన్న రాగి పొరను అనుకున్న బిందువు దగ్గర తాకాలి. రంధ్రం వెడల్పు చాలాసార్లు ఏడెనిమిది సెంటీమీటర్లే. అంత సన్నని దారిలో అంత పొడవైన ఉక్కు గొట్టాల వరసను తిప్పుతూ దించితే అది ఎటో ఒక వైపు ఒంగకుండా ఉండదు.

ఎంత ఒంగితే ఎంత తేడా వస్తుందో విజయవాడ వాళ్లకి ప్రకాశం బ్యారేజీతో చెప్పొచ్చు. దాని పొడవు సుమారు 1,223 మీటర్లు. బోరు కూడా అంత పొడవే అనుకుందాం. విజయవాడ ఒడ్డున గురి పెట్టేటప్పుడే ఒక్క డిగ్రీ తేడా వస్తే, సీతానగరం ఒడ్డుకి చేరేసరికి 21 మీటర్లు పక్కకి పోతాం. గురి సరిగ్గానే పెట్టి, దారిలో ప్రతి వంద మీటర్లకీ ఒక్కొక్క డిగ్రీ చొప్పున ఒకే వైపు ఒంగుతూ పోతే తేడా దాదాపు 130 మీటర్లు. మొదట్లో చేసిన ఒక డిగ్రీ పొరపాటు కన్నా దారి పొడవునా నెమ్మదిగా కూడే ఒంపు ఆరు రెట్లు ఎక్కువ దూరం లాగేస్తుంది. అన్వేషణలో పక్కపక్క బోర్లు ఖనిజాన్ని తాకే చోట్ల మధ్య ఎడం యాభై మీటర్లో, వంద మీటర్లో ఉంటుంది. అలాంటప్పుడు 130 మీటర్లు తప్పిన బోరు పక్క బోరు చూడాల్సిన చోటుని చూసి వస్తుంది.

అయినా ఒంగడమే పెద్ద కీడని నేను అనుకోను. ప్రతి లోతైన బోరూ ఎంతో కొంత ఒంగుతుంది. ఎటు ఒంగిందో, ఎంత ఒంగిందో తెలియకపోతేనే అసలు నష్టం. ఒంగిన బోరుని తిన్నగా దిగిందనుకుని లెక్కల్లో ఎక్కిస్తే, ఖనిజం లేని చోట ఉన్నట్టూ ఉన్న చోట లేనట్టూ మ్యాపులో పడుతుంది. ఆ మ్యాపుని నమ్ముకునే రేపు గని సొరంగాలు తవ్వుతారు. అందుకే ఈ పనిలో తవ్వడం ఎంత ముఖ్యమో కొలవడమూ అంతే ముఖ్యం.

ఎందుకు ఒంగుతుంది

ఈ బోర్లలో రాతిని పొడి చేసి ఊదేయరు. గొట్టం చివర వజ్రపు పలుకులు పొదిగిన ఉంగరం లాంటి బిట్ ఉంటుంది. అది గుండ్రంగా కోసుకుంటూ దిగితే మధ్యలో రాతి కడ్డీ మిగులుతుంది. దీన్నే కోర్ అంటారు. బిట్ వెనకే కోర్ బ్యారెల్, దాని వెనక మూడేసి మీటర్ల రాడ్లు. కోర్ నిండిన లోపలి గొట్టాన్ని మాత్రం తీగతో పైకి లాగుతారు. రాడ్లన్నీ బయటికి తీయనక్కర్లేదు. ఈ పద్ధతికి వైర్‌లైన్ అని పేరు.

బాగా వాడుకలో ఉన్న ఎన్‌క్యూ సైజునే చూద్దాం. రంధ్రం 75.7 మిల్లీమీటర్లు, కోర్ బ్యారెల్ బయటి గొట్టం 73 మిల్లీమీటర్లు, రాడ్లు 69.9 మిల్లీమీటర్లు. బ్యారెల్‌కీ రంధ్రం గోడకీ మధ్య మొత్తం సందు 2.7 మిల్లీమీటర్లే. మూడు మీటర్ల బ్యారెల్ ఆ సందులో ఒక మూల నుంచి ఇంకో మూలకి ఒరిగితే వచ్చే వాలు డిగ్రీలో ఇరవయ్యో వంతు. ఏ లెక్కలోకీ రాదనిపిస్తుంది. కానీ ప్రతి మూడు మీటర్లకీ అదే వైపు అంతే ఒరుగుతూ పోతే వెయ్యి మీటర్లకి కూడేది 17 డిగ్రీలు. ఇది కాగితం మీద లెక్కే. నిజం బోరులో ఒరుగుడు ప్రతిసారీ అంతే ఉండదు, ఒకే వైపూ ఉండదు. అయినా కంటికి కనిపించని సందులోంచి అంత ఒంపు పుట్టగలదని ఇది చెబుతుంది.

ఇక బరువు. వెయ్యి మీటర్ల ఎన్‌క్యూ రాడ్లు ఏడు టన్నుల పైచిలుకు తూగుతాయి. బిట్ మీద కావలసిన ఒత్తిడి అందులో కొంత భాగమే. అందుకని లోతుకి వెళ్లే కొద్దీ డ్రిల్లర్ పని రాడ్లను కిందికి నెట్టడం నుంచి పైకి పట్టి ఉంచడానికి మారుతుంది. రోజుకి ఇన్ని మీటర్లు అని లక్ష్యం పెట్టి తరిమితే ముందు పెరిగేది బిట్ మీద ఒత్తిడే. ఒత్తిడి పెరిగితే సన్నని గొట్టాల వరస విల్లులా వంగుతుంది, వంగిన గొట్టం బిట్‌ని గోడ వైపు తిప్పుతుంది. బిట్ వెనక ఉండే రీమింగ్ షెల్ రంధ్రం వెడల్పుని నిలబెట్టే పట్టీ. అది అరిగిపోయినా సందు పెరిగి ఒరుగుడు మొదలవుతుంది. రాడ్లు కుడివైపుకి తిరుగుతాయి కాబట్టి వాలుగా దిగే బోర్లు కుడి దిక్కుకి జరగడం, దిగే కొద్దీ వాలు తగ్గి పడుకోవడం మామూలు. డ్రిల్లర్లు దీన్ని 'లిఫ్ట్ అవడం' అంటారు.

వీటన్నిటి కన్నా గట్టిగా లాగేది రాయి. పొరలు పొరలుగా ఉన్న రాతిలోకి బోరు కాస్త నిటారు కోణంలో ప్రవేశిస్తే, అది ఆ పొరలకి లంబంగా తిరగాలని చూస్తుంది. బిట్ ఒక పక్క మెత్తని పొరలో, ఇంకో పక్క గట్టి పొరలో ఉన్నప్పుడు రెండు పక్కలా ఒకేలా తెగదు మరి. అదే పొరలను చాలా తక్కువ కోణంలో, రాసుకుంటున్నట్టు తాకితే లోపలికి దిగకుండా పొర వెంబడి జారిపోతుంది.

ఈ రెండు రకాల నేలా మన దగ్గరే ఉంది. మాచర్ల వైపు కొప్పునూరు దగ్గర అణు ఖనిజాల డైరెక్టరేట్ యురేనియం కోసం బోర్లు వేసింది. అక్కడ గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్, సున్నపురాయి పొరలు చాలావరకు చాప పరిచినట్టు ఉంటాయి. నిలువు బోరు ఆ పొరలను దాదాపు లంబంగానే కోస్తుంది కాబట్టి రాయే దాన్ని తిన్నగా ఉంచుతుంది. అదే పాత గుంటూరు జిల్లాలో దక్షిణానికి, నల్లమల అంచున ఉన్న అగ్నిగుండాలకి వస్తే కథ మారిపోతుంది. రాగి, సీసం దొరికే ప్రాంతం అది. బండ్లమోటులో ఒకప్పుడు సీసం గని నడిచింది. అక్కడ ఫిల్లైట్, డోలమైట్, క్వార్ట్‌జైట్ పొరలు మడతలు పడి ఉంటాయి. మడతకి ఈ పక్క బోరుని ఒకలా లాగే పొరలు ఆ పక్కకి వెళ్లగానే ఇంకోలా లాగుతాయి. ఇలాంటి చోట పెట్టెల్లో పేర్చిన కోర్‌ని చూస్తే సంగతి కంటికే కనిపిస్తుంది. మొదటి పెట్టెల్లో పొరల గీతలు కడ్డీకి ఏటవాలుగా ఉంటాయి. లోతుకి వెళ్లే కొద్దీ ఆ గీతలు కడ్డీకి అడ్డంగా మారుతూ వస్తే రెండే కారణాలు. రాయి వాలైనా మారి ఉండాలి, బోరైనా తిరిగి ఉండాలి. ఏది నిజమో కొలిస్తేనే తేలుతుంది.

కొలవడం

పాత పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం. గాజు గొట్టంలో పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సగం పోసి బోరులోకి దించుతారు. కదపకుండా కొంతసేపు ఉంచితే, ఆమ్లం గాజుని తిని తన మట్టం దగ్గర గీత వదులుతుంది. ద్రవం మట్టం ఎప్పుడూ సమతలంగానే ఉంటుంది కాబట్టి గొట్టం వాలిన కొద్దీ గీత ఏటవాలవుతుంది. ఆ గీత కోణమే బోరు వాలు. గాజు అంచుల దగ్గర ద్రవం కాస్త పైకి పాకుతుంది గనుక చదివిన కోణానికి చిన్న సవరణ చేయాలి. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. లోపం ఒక్కటే, బోరు ఎంత వాలిందో చెబుతుంది గానీ ఏ దిక్కుకి తిరిగిందో చెప్పదు.

దిక్కు కోసం దిక్సూచిని కెమెరాతో కలిపి దించారు. ఇప్పుడు ఆ పని ఎలక్ట్రానిక్ అయస్కాంత సాధనాలు చేస్తున్నాయి. ఉక్కు రాడ్ల లోపల దిక్సూచి పనికిరాదు. అందుకని తిప్పడం ఆపి, రాడ్లను కొన్ని మీటర్లు పైకి లాగి, సాధనం బిట్ దాటి కింద ఖాళీ రంధ్రంలోకి పొడుచుకు వచ్చేలా దించి చదువుతారు. తవ్వుతున్నంత కాలం ప్రతి 30 మీటర్లకీ ఒకసారి ఇలా చదవడం వాడుక.

చుట్టూ ఉన్న రాయే అయస్కాంతమైతే ఇదంతా వృథా. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల్లో ఉన్నది మాగ్నటైట్ క్వార్ట్‌జైట్. అలాంటి ఇనుప రాతిలో సూది ఉత్తరాన్ని చూపిస్తుందన్న నమ్మకం లేదు. మంచి సాధనాలు దిక్కుతో పాటు అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉందో కూడా రాసుకుంటాయి. ఆ అంకె ఒక్కసారిగా మారితే అక్కడి దిక్కుని పక్కన పెట్టాలి. ఆ కాలమ్‌ని చూడకుండా దిక్కు ఒక్కటే తీసుకుని లెక్క కట్టేవాళ్లు ఉన్నారు. అది పెద్ద తప్పు.

ఉత్తరాన్ని వెతికే గైరో ఈ చిక్కుని తీర్చింది. భూమి తన చుట్టూ తాను గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆ అతి నెమ్మదైన తిరుగుడుని పట్టుకోగల సాధనం ఉంటే, భూమి అక్షం ఎటుందో, దాన్నిబట్టి నిజమైన ఉత్తరం ఎటుందో తెలుస్తుంది. అయస్కాంతంతో పనే లేదు, ఉక్కు రాడ్ల లోపలే చదవొచ్చు. ఇందులో మనకి భూగోళం చేసిన మేలు ఒకటుంది. గైరోకి ఉత్తరాన్ని పట్టిచ్చేది భూభ్రమణంలోని అడ్డపు భాగం. భూమధ్యరేఖ దగ్గర అది పూర్తిగా అందుతుంది, ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ తగ్గిపోతుంది. 16.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్న విజయవాడ దగ్గర అది 96 శాతం దొరుకుతుంది. స్వీడన్‌లో ధ్రువవృత్తానికి పైన ఉన్న కిరునా మాగ్నటైట్ గని దగ్గర 38 శాతమే. సూది పనిచేయని ఇనుప రాయి, గైరోకి సరిగా అందని భూభ్రమణం, రెండు కష్టాలూ అక్కడే కలిశాయి.

గైరో ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. ఒకే చోట ఉంచి సాధనాన్ని దాని అక్షం మీదే తిప్పుతూ మళ్లీ మళ్లీ చదివితే ప్రతిసారీ అదే దిక్కు రావాలి. బోరులోకి దిగేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు ఒకసారి చదివితే రెండు దారులూ కలవాలి. నిలువు బోరులో దిక్కు అన్న మాటకే అర్థం ఉండదు కాబట్టి, నిటారుకి చాలా దగ్గరగా ఉన్న చోట్ల వచ్చే దిక్కు అంకెలు ఊగిసలాడుతుంటే భయపడక్కర్లేదు. వాలు బోరులో మాత్రం దిక్కు తప్పితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. 70 డిగ్రీల వాలుతో 900 మీటర్లు దిగిన బోరు అడ్డంగా మూడు వందల మీటర్ల పైన జరుగుతుంది. దిక్కులో రెండే రెండు డిగ్రీలు తప్పు చదివితే చివరి బిందువు పది మీటర్ల పైన మారిపోతుంది.

ముందే లెక్క కట్టడం

మొదటి జాగ్రత్త నేల మీదే ఉంది. రిగ్గుని నిలిపేటప్పుడు దిక్కూ వాలూ సరిగా పెట్టకపోతే లోపల చేసిన తెలివంతా దండగ. ఇప్పుడు గైరోతో పనిచేసే సాధనాన్ని రిగ్గుకే బిగించి దిక్కు సరిచూస్తున్నారు. రిగ్గు కాళ్ల కింద మట్టి కుంగినా, మొదటి కేసింగ్ వంకరగా పడినా ఆ ఒంపు కింది దాకా వెంట వస్తుంది.

రెండోది గట్టి గొట్టాలు. మూడు మీటర్ల బ్యారెల్ బదులు ఆరు మీటర్లది పెడితే అది సులువుగా ఒరగదు. రంధ్రాన్ని దాదాపు నింపేసే ఆరు పలకల బ్యారెల్, పొడవైన రీమింగ్ షెల్ కూడా అందుకే. సందు తగ్గించడమే వీటి పని. ఇవి ఒంపుని తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపలేవు. పలకల మధ్య నీరు పోయే దారి ఇరుకైతే పొడి పైకి రాక వేరే ఇబ్బంది మొదలవుతుంది.

నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది మూడోది. ఆ ప్రాంతంలో ముందు వేసిన బోర్లు ఎటు ఒంగాయో చూసి, ఆ ఒంపునే వాడుకుంటారు. ఉదాహరణకి గమ్యానికి తిన్నటి గీత గీస్తే 70 డిగ్రీల వాలు వచ్చింది, బోరు పొడవు 800 మీటర్లు. ఆ రాతిలో బోర్లు వంద మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున లిఫ్ట్ అవుతాయని పాత కొలతలు చెబుతున్నాయి. అలాంటప్పుడు 74 డిగ్రీల దగ్గర మొదలుపెడితే 800 మీటర్లకి అది 66 డిగ్రీలకి వస్తుంది. మొదటికీ చివరికీ మధ్య గీసిన గీత సరిగ్గా 70. కుడికి జరిగే అలవాటు ఉంటే మొదటే కాస్త ఎడమకి తిప్పి మొదలుపెడతారు. పైసా అదనపు ఖర్చు లేదు. కాకపోతే పాత బోర్లను నిజాయితీగా కొలిచి, ఆ కొలతలు భద్రంగా దాచి ఉండాలి. కోర్‌ని పెట్టెల్లో దాచినంత జాగ్రత్తగా ఈ సర్వే అంకెలనీ దాచాలి.

తిప్పాల్సి వస్తే

ఇంత చేసినా బోరు పక్కకి పోతే బలవంతంగా మళ్లించాలి. పాత సాధనం వెడ్జ్. ఒక వైపుకి సన్నబడుతూ పోయే పొడవైన ఉక్కు ముక్క, ముఖం లోపలికి గాడిలా ఉంటుంది. అనుకున్న లోతులో ముందు అడ్డుగా ఒక ప్లగ్ బిగిస్తారు. వెడ్జ్‌ని రాడ్ల చివర పెట్టి దించి, దాని ముఖం కావలసిన దిక్కుకి ఉందో లేదో సర్వే సాధనంతో చూసుకుంటూ తిప్పి కూర్చోబెడతారు. ఆ ముఖం మీదుగా మొండి ముక్కు ఉన్న బిట్‌తో మెల్లగా తవ్వితే పాత రంధ్రం గోడలోంచి కొత్త దారి మొదలవుతుంది. తర్వాత దాన్ని వెడల్పు చేసి మళ్లీ మామూలు కోర్ బ్యారెల్ దించుతారు. ఇంత చేస్తే వచ్చేది ఒకటి రెండు డిగ్రీల మలుపు. ఐదు డిగ్రీలు కావాలంటే ఈ తతంగమంతా మళ్లీ మళ్లీ చేయాలి. ముఖం తప్పు దిక్కుకి కూర్చుంటే తిప్పాలనుకున్న దానికి ఎదురుగానే తిరుగుతుంది.

మడ్ మోటార్ ఇంకో దారి. ఫ్రెంచి ఇంజనీరు రెనే మొయినో 1930 ప్రాంతంలో కనిపెట్టిన పంపు సూత్రాన్ని తలకిందులు చేస్తే వచ్చింది ఇది. పంపులో మరను తిప్పితే ద్రవం కదులుతుంది. ఇక్కడ ఒత్తిడితో పంపిన ద్రవమే మరను తిప్పుతుంది, ఆ మర బిట్‌ని తిప్పుతుంది. పై రాడ్లు తిరగవు. మోటారు దగ్గర చిన్న ఒంపు ఉంటుంది కాబట్టి ఆ ఒంపు ఎటు చూస్తే బోరు అటు తిరుగుతుంది. వెడ్జ్ కన్నా త్వరగా, నునుపుగా మలుపు వస్తుంది. అయితే తిప్పుతున్న ఆ మీటర్లలో కోర్ రాదు. ఖనిజం దగ్గర్లో కోర్ లేకపోవడం చిన్న నష్టం కాదు. తిప్పుతూనే కోర్ కూడా తీసే డైరెక్షనల్ కోర్ బ్యారెల్ వచ్చింది అందుకే. ఇందులో పేరున్నది నార్వేకి చెందిన డెవికో. 2023లో ఆస్ట్రేలియా కంపెనీ ఇమ్‌డెక్స్ దాన్ని కొనుక్కుంది. వచ్చే కోర్ మామూలు దాని కన్నా సన్నం, ఖర్చు చాలా ఎక్కువ. అయినా రాయి ఏంటో చూసుకుంటూ తిప్పగలగడం విలువైన సంగతే.

ఏ పద్ధతైనా మలుపు మెత్తగా ఉండాలి. 30 మీటర్లలో ఎన్ని డిగ్రీలు తిరిగిందో చెప్పే అంకెకి డాగ్‌లెగ్ అని పేరు. అది హద్దు దాటితే ఆ మలుపులో తిరిగే ప్రతి రాడ్డూ ఒక్కో చుట్టుకీ ఒకసారి అటూ ఇటూ వంగుతుంది. కొన్నాళ్లకి రాడ్లను ఒకదానికొకటి బిగించే మరల (థ్రెడ్ల) దగ్గర విరుగుతుంది. గురి మీదికి తెచ్చే తొందరలో పదునైన మలుపు వేసి, కింద ఉన్న రాడ్లన్నీ పోగొట్టుకోవడం కన్నా పది మీటర్లు తప్పిన బోరుని ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

తిప్పే విద్య వచ్చాక దాన్ని తప్పు దిద్దుకోవడానికే వాడాలని లేదు. 1,200 మీటర్ల లోతున్న ఖనిజాన్ని ఐదు చోట్ల తాకాలంటే విడివిడిగా ఐదు బోర్లకి 6,000 మీటర్లు తవ్వాలి. ఒక తల్లి బోరు వేసి, 800 మీటర్ల దగ్గర నుంచి నాలుగు కొమ్మలు తీస్తే దాదాపు 2,800 మీటర్లు చాలు. పైన నాలుగు రిగ్గుల చోటు, నాలుగు పొలాల దారి, నాలుగు నీటి గుంటలు తప్పుతాయి. పంట పొలాలున్న మన జిల్లాల్లో ఇది డబ్బుతో మాత్రమే కొలిచే లాభం కాదు. రష్యాలోని కోలా బోరు కూడా 1984లో 12 కిలోమీటర్లు దాటాక తెగి, ఐదు కిలోమీటర్ల గొట్టాలు లోపలే ఉండిపోతే, ఏడు కిలోమీటర్ల దగ్గర నుంచి కొమ్మ తీసే మళ్లీ దిగింది. 1989లో 12,262 మీటర్లకి చేరింది. జర్మనీ వాళ్లు 1994లో 9,101 మీటర్లకి చేర్చిన కేటీబీ బోరులో, ఒరుగుడుని తానే పసిగట్టి తానే సరిచేసుకునే నిలువు డ్రిల్లింగ్ యంత్రాన్ని తయారు చేసి వాడారు. చమురు బావుల్లో దాని వారసులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

2023లో గనుల చట్టాన్ని సవరించి రాగి, సీసం, జింకు, బంగారం, లిథియం వంటి 29 ఖనిజాలకి కొత్తగా అన్వేషణ లైసెన్సు తెచ్చారు. నేల పైకి కనిపించేవి, తక్కువ లోతున ఉన్నవి చాలావరకు వెతికేశాం, ఇక లోతుకి పోవాలన్నది దాని వెనకున్న ఆలోచన. లోతు పెరిగే కొద్దీ ఒక్క బోరు ఖర్చు పెరుగుతుంది, బోర్ల సంఖ్య తగ్గుతుంది, ప్రతి బోరు చెప్పే మాటా బరువెక్కుతుంది. అలాంటి చోట సర్వేకి పెట్టే ఖర్చుని టెండర్లలో కోసేయడం నాకు ఏమాత్రం మింగుడు పడదు.

గురి తప్పకుండా గమ్యాన్ని తాకినా అక్కడ ఖనిజం లేకపోవచ్చు. అప్పుడు కూడా ఆ రంధ్రానికి పని ఉంది. అందులోకి విద్యుదయస్కాంత సాధనాన్ని దించితే, బోరు తాకకుండా పక్కనుంచి పోయిన రాగి లాంటి విద్యుద్వాహక ఖనిజం పదుల మీటర్ల దూరంలో ఉన్నా దాని జాడ దొరుకుతుంది. ఎటు, ఎంత దూరంలో అన్నది లెక్క కట్టాలంటే మాత్రం సాధనం ఆ క్షణాన భూమి లోపల సరిగ్గా ఎక్కడుందో తెలిసి ఉండాలి. సర్వే సరిగా ఉంటే తర్వాతి కొమ్మను ఏ లోతు నుంచి, ఏ దిక్కుకి తీయాలో అదే చెబుతుంది.